ఫ్రెంచ్ ప్రెస్‌లో కాఫీ, టీ ఊరబెట్టే పద్ధతి

ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ దిగుతుందని అంటాం. పై గిన్నెలో అదిమిన పొడి మీద మరిగిన నీళ్ళు పోస్తే, అవి చుక్కచుక్కగా పొడిని దాటుకుంటూ కింది గిన్నెలోకి జారతాయి కనుక ఆ మాట సరిగ్గా సరిపోతుంది. ఫ్రెంచ్ ప్రెస్ అంటే జల్లెడ బిగించిన కడ్డీ ఉన్న పాత్ర; అందులో ఏదీ అలా దిగదు. పొడీ నీళ్ళూ ఒకే పాత్రలో కొన్ని నిమిషాల పాటు కలిసి ఉంటాయి, జాడీలో ముక్కకు ఉప్పూ కారమూ పట్టినట్టు పొడిలోని సారం నీళ్ళలోకి మెల్లగా ఊరుతుంది. పరికరం పేరులో ప్రెస్ అన్న మాట ఉన్నందువల్ల నొక్కడమే అసలు పని అని చాలామంది అనుకుంటారు గానీ, కడ్డీని నొక్కే సమయానికే కాఫీ తయారై ఉంటుంది; జల్లెడను కిందికి దించేది పిప్పి కప్పులోకి రాకుండా అడ్డుకోవడానికి మాత్రమే. ఈ తేడాను గుర్తుంచుకుంటే పొడి ఎంత ముతకగా ఉండాలి, నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి, ఎంతసేపు ఆగాలి అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు దానిలోనే దొరుకుతాయి.

నాకు ఈ సంగతి ఒక మంచి టేబుల్ గుడ్డ పాడైన తరువాత గానీ తెలియలేదు. ప్రెస్ ఇంటికి వచ్చిన మొదటి ఉదయం, డబ్బాలో ఉన్న చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీ పొడినే నాలుగు చెంచాలు వేసి, నీళ్ళు పోసి, కాసేపాగి కడ్డీని నొక్కాను. అది సగం దాకా దిగి బిగుసుకుపోయింది. బలం చాలలేదనుకుని లేచి నిలబడి రెండు చేతులతో నొక్కేసరికి జల్లెడ ఒక పక్కకు ఒరిగి, ఆ సందులోంచి వేడి కాఫీ పిప్పితో సహా మూతి గుండా ఎగజిమ్మింది. అదృష్టవశాత్తు చేయి కాలలేదు. మిగిలినదాన్ని కప్పులో పోసుకుని తాగితే అడుగున వేలు మందాన మడ్డి పేరుకుంది. పరికరంలో లోపమేమీ లేదు. ఫిల్టర్ కోసం మెత్తగా పట్టిన పొడి జల్లెడ కంతలను పూడ్చేస్తుంది. చికోరీ వేరు పొడిలో నీళ్ళలో కరిగే పదార్థం కాఫీ గింజలో కంటే ఎక్కువ కాబట్టి అది నీటిని చిక్కబరిచి ఆ పూడికను మరింత గట్టి చేస్తుంది. కనుక మొదటి నియమం ఇదే: ఫిల్టర్ పొడిని ప్రెస్‌లో వేయకూడదు. అలాగే, కడ్డీ దిగనని మొరాయిస్తే బలవంతం చేయకుండా రెండంగుళాలు పైకి లాగి, పది సెకన్లు ఆగి, మళ్ళీ నెమ్మదిగా దించాలి.

పాత్రను ఎంచుకోవడం

ప్రెస్ నిర్మాణం చాలా సాదాగా ఉంటుంది. పిడి ఉన్న నిలువు గాజు పాత్ర, దానికొక మూత, మూత నడుమ నుంచి దిగే కడ్డీ, కడ్డీ చివర సన్నని స్టీలు జల్లెడ. జల్లెడకు పైన అంచు చుట్టూ స్ప్రింగు ఉన్న పళ్ళెం, కింద కంతలున్న పళ్ళెం ఉండి దాన్ని నడుమ బిగించి పట్టుకుంటాయి. ఆ స్ప్రింగే జల్లెడ అంచును గాజు గోడకు ఆనించి ఉంచుతుంది కాబట్టి కొనేటప్పుడు కడ్డీని రెండు మూడుసార్లు కిందికీ పైకీ కదిపి, అంచు చుట్టూ ఎక్కడా సందు లేదని చూసుకోవాలి.

పేరులో ఫ్రెంచ్ ఉన్నా ఈ పరికరం ఒక్క దేశపు సొత్తు కాదు. 1852లో ఫ్రాన్స్‌లో మేయర్, డెల్‌ఫోర్జ్ అనే ఇద్దరు ఇలాంటిదానికి పేటెంట్ తీసుకున్నారు; ఇప్పటి రూపానికి దగ్గరగా ఉన్నదానికి 1929లో ఇటలీకి చెందిన ఆటిలియో కాలిమాని, జూలియో మొనేటా పేటెంట్ పొందారు; ఫలియేరో బొండానీని 1958లో దాన్ని మెరుగుపరిచాక, ఆ నమూనా ఫ్రాన్స్‌లో తయారై యూరప్ అంతటా ఇళ్ళలోకి చేరింది. ఇంగ్లండ్‌లో దీన్ని కాఫెటియేర్ అనీ, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ప్లంజర్ అనీ అంటారు కనుక అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఆ పేర్లతో అడిగితే దుకాణంలో వెంటనే అర్థమవుతుంది.

పెట్టె మీద 8 కప్పులని రాసి ఉంటే అవి మనం ఇంట్లో తాగే కప్పులని అనుకోకూడదు. ఆ లెక్కలో కప్పు అంటే సుమారు 120 మిల్లీలీటర్లు మాత్రమే. 8 కప్పుల పాత్రలో పట్టేది 1 లీటరు, 3 కప్పుల పాత్రలో పట్టేది 350 మిల్లీలీటర్లు. ఇద్దరు ఉన్న ఇంటికి 600 మిల్లీలీటర్ల పాత్ర చక్కగా సరిపోతుంది. ఎప్పుడో వచ్చే చుట్టాల కోసమని లీటరు పాత్ర కొని, రోజూ అందులో ఒక్క కప్పుకు సరిపడా నీళ్ళు పోస్తే ఊరే లోపలే చల్లారిపోతాయి. రెండు పొరల స్టీలు పాత్రలు వేడిని బాగా నిలుపుతాయి, పగలవు. అయినా మొదటిసారి కొనేవారికి గాజు పాత్రనే నేను చెబుతాను, ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో కళ్ళతో చూస్తేనే చెయ్యి కుదురుతుంది. గాజు బోరోసిలికేట్ రకమైతే మరిగిన నీళ్ళకు తట్టుకుంటుంది, కానీ ఏ గాజు పాత్రనూ స్టవ్ మీద పెట్టరాదు, వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళ కుళాయి కింద పట్టరాదు. కాఫీ పోసిన వెంటనే పాత్రను సింక్‌లో పెట్టి కుళాయి తిప్పడం వల్ల మా ఇంట్లో ఒక పాత్ర అడుగు గుండ్రంగా ఊడి వచ్చింది.

పొడి

ఫ్రెంచ్ ప్రెస్‌కు పొడి ఇడ్లీ రవ్వంత ముతకగా ఉండాలి. బొంబాయి రవ్వంత ఉంటే పని జరుగుతుంది గానీ కప్పు అడుగున మడ్డి ఎక్కువ చేరుతుంది. గోధుమపిండిలా ఉంటే ముందు చెప్పిన టేబుల్ గుడ్డ కథే పునరావృతమవుతుంది. గింజలు వేయించి కళ్ళ ముందే మర పట్టించే దుకాణం దగ్గరలో ఉంటే, ఫ్రెంచ్ ప్రెస్ కోసమని చెప్పి అన్నిటికంటే ముతకగా పట్టమని, చికోరీ కలపవద్దని స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే మన ఊళ్ళలో అలవాటు కొద్దీ ఫిల్టర్ రకమే పట్టి ఇస్తారు. అక్కడ పీబెర్రీ (పండులో ఒక్కటే గుండ్రంగా పెరిగిన గింజ), ప్లాంటేషన్ ఏ అని వినిపించే పేర్లు గింజ ఆకారాన్నీ, పరిమాణాన్నీ, శుద్ధి చేసిన విధానాన్నీ తెలిపే వర్గాలు. ప్లాంటేషన్ అంటే పండు గుజ్జును నీటితో కడిగి తీసి ఆరబెట్టిన అరబికా రకం కాఫీ గింజ, చెర్రీ అంటే పండుగానే ఎండబెట్టి పొట్టు తీసినది. పాలు లేకుండా తాగేవారికి అరబికా మేలు. రొబస్టా అనే మరో రకంలో చేదూ కెఫీనూ రెండూ ఎక్కువ, కాబట్టి పాలు కలిపేటప్పుడు కొంత రొబస్టా ఉంటే రుచి పాలలో మునిగిపోకుండా నిలుస్తుంది.

ప్రెస్‌లో కలుపుకోవడానికి మనకు బాగా దగ్గరలో ఉన్న గింజ అరకుది. తూర్పు కనుమలలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి మిరియాల తీగలు పాకుతుండగా, గిరిజన రైతులు పండించే ఈ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ళ ముందే 2017లో పారిస్‌లో అరకు పేరుతో ఒక కాఫీ దుకాణం తెరుచుకుంది. ఫిల్టర్‌లో, పాలలో, చక్కెరలో కలిసిపోయి మనకు తెలియకుండా పోయే అరకు గింజ రుచిని ఏ తోడూ లేకుండా తెలుసుకోవాలంటే ప్రెస్ చాలా అనువైన సాధనం. కాగితపు వడపోత ఆపేసే నూనెలను ప్రెస్ జల్లెడ ఆపదు, అందుకే ఇందులో కాఫీ నోటికి కొంచెం బరువుగా, నున్నగా తగులుతుంది.

ఇంట్లోనే పొడి చేసుకోదలచినవారికి రెండు రాళ్ళ నడుమ నలిగినట్టు గింజను నలిపే బర్ గ్రైండర్ ఉంటే సరే సరి. మిక్సీతో కూడా పని నడుస్తుంది, కాకపోతే కొంత ఓపిక కావాలి. చట్నీ జార్‌లో 30 గ్రాముల గింజలు వేసి, మీటను పల్స్ వైపు ఒక్కొక్క సెకను చొప్పున ఎనిమిది పది సార్లు తిప్పి, ప్రతి రెండుసార్లకూ ఒకసారి జార్‌ను తీసి అటూ ఇటూ కుదపాలి. ఏకబిగిన తిప్పితే గింజలు వేడెక్కి సువాసన జార్‌లోనే ఎగిరిపోతుంది. తరువాత పిండి జల్లెడలో వేసి నాలుగుసార్లు ఆడిస్తే దుమ్ములాంటి మెత్తని పొడి కిందికి రాలిపోతుంది. దాన్ని పారేయనక్కరలేదు, సాయంత్రం ఇత్తడి ఫిల్టర్‌లో వేసుకోవచ్చు. పొడిని నెలకు సరిపడా చేసి ఉంచుకోకూడదు. గింజలుగా అయితే వేయించిన తేదీ నుంచి నాలుగైదు వారాలు బాగుంటాయి, పొడి చేశాక వారంలోనే పస తగ్గుతుంది. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది, పక్కనున్న పులిహోర వాసన కూడా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో పొయ్యికి దూరంగా ఉంచితే అంతే చాలు.

నీళ్ళు

కప్పు కాఫీలో 98 శాతానికి పైగా ఉండేది నీళ్ళే. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఊళ్ళలో ఎంత మంచి గింజ వేసినా రుచి చప్పగా, సుద్ద తిన్నట్టు ఉంటుంది; అలాగని ఖనిజాలేవీ మిగలకుండా వడకట్టిన నీళ్ళతో కూడా కాఫీ పేలవంగా వస్తుంది. నోటికి బాగున్న తాగునీటినే వాడడం మంచిది.

వేడి 92 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరిపోతుంది. థర్మామీటర్ లేకపోతే, నీళ్ళు కళపెళా మరిగాక స్టవ్ ఆపి అర నిమిషం ఆగితే దాదాపు ఆ వేడికి వస్తాయి. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి, పదిహేను ఇరవై సెకన్లు ఆగినా చాలు. గింజలు నల్లగా, నూనె తేలేంతగా వేగి ఉంటే మరికొంచెం చల్లారనివ్వడం వల్ల చేదు తగ్గుతుంది.

కాఫీ

ఇద్దరికి, 600 మిల్లీలీటర్ల పాత్రలో, 30 గ్రాముల పొడికి 450 మిల్లీలీటర్ల నీళ్ళు. అంటే ఒక భాగం పొడికి పదిహేను భాగాల నీళ్ళు. వంటగది తూకం ఉంటే దాని మీదే పాత్రను పెట్టి పోసుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే ముతక పొడి చెంచాలో ఒకరోజు ఒకలా, మరోరోజు ఇంకోలా కూర్చుంటుంది. తూకం లేకపోతే తలకొట్టిన పెద్ద చెంచాకు 5 గ్రాములని లెక్కవేసి ఆరు చెంచాలు వేయవచ్చు.

ముందుగా పాత్రలో కొన్ని వేడినీళ్ళు పోసి, తిప్పి, పారబోయాలి. గాజు వెచ్చబడితే ఊరేటప్పుడు వేడి నిలుస్తుంది, గాజు మీద ఒక్కసారిగా వేడి పడి పగిలే ప్రమాదం కూడా తగ్గుతుంది. తరువాత పొడి వేసి, సెకన్ల లెక్క మొదలుపెట్టి, ముందు పొడి తడిసే మేరకు, అంటే దాదాపు 80 మిల్లీలీటర్ల నీళ్ళు పోయాలి. తాజాగా వేయించిన గింజ అయితే ఇక్కడ తెలిసిపోతుంది: పొడి ఉబ్బి, గారె పిండిలా పొంగి, చిన్న చిన్న బుడగలు పగులుతాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం వల్ల ఇలా జరుగుతుంది, పాత పొడి మాత్రం బురదలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. అర నిమిషం ఆగి మిగిలిన నీళ్ళన్నీ పొడి అంతటా పడేలా పోసి, కర్ర చెంచాతో ఒకసారి కలిపి, కడ్డీని పైకి లాగి ఉంచిన మూతను పెట్టాలి. స్టీలు చెంచా పొరపాటున గాజుకు తగిలితే కంటికి కనిపించని గీత పడి, ఏదో ఒకనాటి వేడికి పాత్ర అక్కడే విచ్చుకుంటుంది.

నాలుగో నిమిషం నిండాక మూత తీసి చూస్తే, పైన తారు రోడ్డులా నల్లని పిప్పి పొర గట్టిగా అల్లుకుని ఉంటుంది. దాని అంచున లేత గోధుమరంగు నురగ కనబడుతుంది. చెంచా వెనక వైపుతో ఆ పొరను మెల్లగా మూడుసార్లు పక్కకు తోస్తే, అంతవరకు గాలితో తేలుతున్న పిప్పి బరువెక్కి మేఘంలా కిందికి దిగుతుంది, ముక్కుకు తగిలే ఆవిరి కూడా ఆ క్షణంలోనే మారుతుంది. పైన మిగిలిన నురగను, తేలే రవ్వలను రెండు చెంచాలతో తీసేస్తే కప్పు మరింత తేటగా వస్తుంది. ఆ పైన మూత పెట్టి, అరచేయి బరువు తప్ప మరే బలమూ వాడకుండా కడ్డీని ఇరవై సెకన్లలో నిదానంగా దించాలి. పిప్పిని అడుగుకు అదమకూడదు. జల్లెడ పిప్పిని తాకిందని చేతికి తెలియగానే ఆగాలి. అదిమితే పిప్పిలోని చేదు, సన్నని మడ్డి రెండూ పైకి లేస్తాయి.

తొందర లేని రోజున నేను మరో విధంగా చేస్తాను. పొరను కలిపి, నురగ తీశాక వెంటనే దించకుండా ఇంకో ఐదు నిమిషాలు అలాగే వదిలేస్తాను. అప్పుడు మడ్డి దానంతట అదే అడుగుకు చేరుతుంది, జల్లెడను కాఫీ పైమట్టం దాకా మాత్రమే దించి, వడపోతలాగా అడ్డుపెట్టి, పాత్రను మెల్లగా వంచి పోసుకుంటే అంత తేటదనం ప్రెస్‌లో వస్తుందా అనిపిస్తుంది. తొమ్మిది నిమిషాలు ఊరితే చేదెక్కదా అన్న అనుమానం సహజమే. పొడి ముతకగా ఉండి, నీళ్ళు చల్లారుతూ ఉండడం వల్ల మొదటి నాలుగు నిమిషాల తరువాత ఊరే వేగం బాగా మందగిస్తుంది, కనుక భయపడనక్కరలేదు. మెత్తని పొడి అయితే మాత్రం ఈ ధీమా పనికిరాదు.

ఏ విధంగా చేసినా, దించిన కాఫీని మొత్తం కప్పుల్లోకి గానీ ఫ్లాస్కులోకి గానీ పోసేయాలి. పాత్రలో మిగిలితే అది ఊరుతూనే ఉంటుంది, జల్లెడ దించినంత మాత్రాన పిప్పికీ నీటికీ సంబంధం తెగిపోదు. కప్పు అడుగున చివరి గుక్కను వదిలేయడం ప్రెస్ కాఫీ తాగేవారందరికీ తెలిసిన మర్యాద. పోసిన 450 మిల్లీలీటర్లలో పిప్పి తన బరువుకు రెండింతల నీళ్ళను పట్టుకుంటుంది కాబట్టి కప్పుల్లోకి వచ్చేది 390 దాకా ఉంటుంది.

రుచి తేడాగా ఉంటే ఒకేసారి అన్నీ మార్చకూడదు. పలుచగా, పచ్చి పులుపుగా ఉంటే పొడిని కొద్దిగా మెత్తగా చేయాలి లేదా నీళ్ళు ఇంకాస్త వేడిగా పోయాలి. నాలుక చివర పట్టుకునే చేదు వస్తే పొడిని ముతక చేయాలి. రుచి బాగుండి కేవలం నీళ్ళగా అనిపిస్తే, అప్పుడు మాత్రమే పొడి పెంచాలి. చేదుగా ఉందని పొడి తగ్గించేవారు చాలామంది ఉంటారు. అలా చేస్తే నీళ్ళ వంతు పెరిగి మిగిలిన పొడిలోంచి సారం ఇంకా ఎక్కువగా లాగబడి, కాఫీ పలుచబడుతుంది గానీ చేదు పోదు.

పాలతో కావాలంటే

పై కొలతతో చేసిన కాఫీలో పాలు కలిపితే మన నాలుకకు అది కాఫీలా అనిపించదు, ఎందుకంటే మనకు అలవాటైన ఫస్ట్ డికాషన్ దీనికంటే ఎన్నో రెట్లు చిక్కన. పాలతో తాగదలచినప్పుడు అదే 30 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీళ్ళే పోసి, ఆరు నిమిషాలు ఊరనిచ్చి దించితే 190 మిల్లీలీటర్ల దాకా గట్టి కాఫీ వస్తుంది. దానికి సమానంగా కాచిన చిక్కని పాలు కలిపితే రెండు కప్పులవుతాయి. ఇది ఇత్తడి ఫిల్టర్ కాఫీకి సాటి అని నేను చెప్పను. చికోరీ ఇచ్చే ఆ నలుపూ చిక్కదనమూ ఇందులో రావు, వాటిని వెతికితే నిరాశే మిగులుతుంది. నురగ కావాలనుకుంటే మాత్రం ఇదే పరికరం ఉపకరిస్తుంది: కడిగిన ప్రెస్‌లో మూడో వంతు దాకా పొగలు కక్కే పాలు పోసి కడ్డీని చకచకా ఇరవైసార్లు ఆడిస్తే, రెండు గ్లాసులతో తిరగబోసిన దానికంటే సన్నని నురగ వస్తుంది. మూతిని అవతలివైపు తిప్పి పట్టుకోవడం మరచిపోవద్దు.

ఎండాకాలంలో పొయ్యి వెలిగించకుండానే కాఫీ కావాలంటే, 50 గ్రాముల ముతక పొడికి 500 మిల్లీలీటర్ల చల్లని తాగునీళ్ళు పోసి, కలిపి, కడ్డీని పైకి ఉంచి మూతపెట్టి, రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్‌లో ఉంచాలి. పన్నెండు గంటల తరువాత జల్లెడ దించి సీసాలో పోసుకుంటే మూడు రోజులు వాడుకోవచ్చు. ఇది చిక్కగా ఉంటుంది కనుక మంచుముక్కలతో పాటు కొన్ని నీళ్ళో పాలో కలుపుకోవాలి. చల్లని నీళ్ళలో పులుపూ చేదూ తక్కువగా దిగుతాయి, చక్కెర కూడా తక్కువే పడుతుంది.

టీ

ప్రెస్‌లో టీ విషయానికి వస్తే ముందే ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళలో చేసే పాల టీ ఇందులో కుదరదు. నీళ్ళూ పాలూ పొడీ చక్కెరా కలిపి పొంగు వచ్చేదాకా మరిగించి చేసేది ఆ టీ, దానికి గిన్నే సరైన పాత్ర. పైగా అందులో వాడే గుండ్రని రవ్వలాంటి సీటీసీ పొడి, ఆకును నలిపి, చీల్చి, చుట్టే యంత్రంలో తయారై, నిమిషంలోనే రంగూ ఘాటూ వదిలేటట్టు ఉంటుంది. ప్రెస్‌లో వేస్తే చిన్న రవ్వలు జల్లెడ దాటి కప్పులోకి వస్తాయి, మూడు నిమిషాలు మరిచిపోతే గొంతు పట్టేంత వగరు వస్తుంది. ప్రెస్‌కు తగినది ఆర్థడాక్స్ అని డబ్బా మీద రాసి ఉండే పొడవాటి ఆకు టీ: డార్జిలింగ్, నీలగిరి, అస్సాం ఆకు రకాలు. ఆకు విచ్చుకోవడానికి టీ బాల్ అనే చిన్న కంతల బంతిలో చోటు చాలదు, ప్రెస్‌లో మాత్రం అది నీళ్ళంతా పరుచుకుని పూర్తి ఆకుగా తెరుచుకుంటుంది.

కప్పుకు, అంటే 200 మిల్లీలీటర్లకు, 2 నుంచి 2.5 గ్రాముల ఆకు వేయాలి. నల్ల టీ అయితే మరిగిన నీళ్ళు వెంటనే పోసి మూడు నుంచి నాలుగు నిమిషాలు, తొలి కోత డార్జిలింగ్ వంటి సున్నితమైనదైతే అర నిమిషం ఆగి పోసి మూడు నిమిషాలు. గ్రీన్ టీ విషయంలో చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు మరుగుతున్న నీళ్ళు పోయడం. దానివల్ల వచ్చే ఉడికిన ఆకుకూర వాసననే గ్రీన్ టీ రుచి అనుకుని చాలామంది దానికి దూరమయ్యారు. దానికి 75 నుంచి 80 డిగ్రీలు చాలు. మరిగిన నీళ్ళను ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి రెండు మూడుసార్లు మార్చి, కాసేపు ఆవిరి పోనిచ్చి పోస్తే దాదాపు ఆ వేడికి వస్తాయి, రెండు నిమిషాలకు మించి ఊరనివ్వనక్కరలేదు.

కాఫీ కంటే టీలో ఇంకా గట్టిగా గుర్తుంచుకోవలసినది, ఆకును నొక్కకూడదన్నది. తడిసి మెత్తబడిన ఆకును జల్లెడతో పిండితే అందులోని టానిన్లు, అంటే వగరు పదార్థాలు, దిగి నాలుక బిగుసుకుపోతుంది. జల్లెడను ఆకు పైదాకా దించి ఆపి, మొత్తం టీని వేరే పాత్రలోకి ఒంపేయాలి. డార్జిలింగ్, నీలగిరి ఆకులకు ఇదే ప్రెస్‌లో రెండోసారి కూడా వేడినీళ్ళు పోసి, ఒక నిమిషం ఎక్కువ ఉంచి మరో విడత తాగవచ్చు.

హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో డికాషన్ వేరుగా, పాలు వేరుగా మరుగుతుంటాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. ఆ క్రమాన్ని అనుసరించి, అస్సాం ఆకును రెట్టింపు కొలతతో ఐదు నిమిషాలు ప్రెస్‌లో ఊరబెట్టి, సగానికి సగం ఇగిరిన పాలు, చక్కెర కలిపితే కాలక్షేపానికి మంచి టీయే వస్తుంది. గంటల తరబడి మూత బిగించి మగ్గబెట్టిన డికాషన్ రుచి ఐదు నిమిషాల్లో రాదు గనుక దాన్ని ఇరానీ చాయ్ అని పిలవడం మాత్రం సాహసం.

ఆకు టీ కాని వాటికి కూడా ఈ పాత్ర బాగా పనికివస్తుంది. నిమ్మగడ్డి, దంచిన అల్లం, తులసి, ఎండబెట్టిన మందార రేకులు వేసి మరిగిన నీళ్ళు పోసి ఎనిమిది పది నిమిషాలు ఉంచినా వీటిలో వగరెక్కే భయం అంతగా లేదు. మిరియాలూ శొంఠీ వేసే కషాయానికి మాత్రం మరగడం తప్పదు, దానికి గిన్నెనే ఆశ్రయించాలి. ఒక ఇబ్బంది ఏమిటంటే కాఫీ నూనె జల్లెడ తీగలకు పట్టుకుని వదలదు, అలాంటి జల్లెడలో డార్జిలింగ్ ఊరబెడితే దాని పరిమళం అంతా వృథా. వీలైతే టీకి చిన్న ప్రెస్‌ను వేరుగా పెట్టుకోవడం మంచిది, లేకపోతే జల్లెడనైనా రెండోది కొనుక్కోవాలి.

కొలెస్ట్రాల్ ఉన్నవారికి

ప్రెస్ కాఫీలో నూనె మిగులుతుందని పైన అన్నాను. ఆ నూనెలో కాఫెస్టాల్, కావియోల్ అనే పదార్థాలు ఉంటాయి, అవి రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. కాగితపు వడపోత వాటిని చాలావరకు ఆపుతుంది, స్టీలు జల్లెడ ఆపదు. రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారు, ఇప్పటికే కొలెస్ట్రాల్‌కు మందులు వాడుతున్నవారు దించిన కాఫీని కప్పులోకి పోసేటప్పుడు కాగితపు ఫిల్టర్ గుండా మరోసారి వడకట్టుకుంటే ఆ ఇబ్బంది బాగా తగ్గుతుంది. నోటికి తగిలే నునుపు కూడా దానితో పాటే తగ్గుతుంది.

కడగడం

పిప్పిని సింక్‌లోకి పారబోయకూడదు. రోజులు గడిచేకొద్దీ గొట్టం పూడుకుపోతుంది. పాత్రలో కొన్ని నీళ్ళు పోసి తిప్పి, టీ వడపోతలోకి ఒంపితే పిప్పి అంతా అందులో నిలుస్తుంది. దాన్ని ఆరబెట్టి కంపోస్టులో వేయవచ్చు. కుండీలో మట్టి మీద మందంగా పరిస్తే మాత్రం పైన గట్టి పొర కట్టి నీరు ఇంకదు.

కడ్డీని నీళ్ళలో ముంచి నాలుగుసార్లు ఆడించి పక్కన పెట్టేస్తే శుభ్రమైనట్టు కనిపిస్తుంది గానీ, పళ్ళేల నడుమ పిప్పి ఉండిపోయి రెండు మూడు రోజుల్లో మక్కిన నూనె వాసన వస్తుంది. ఎవరి ఇంట్లోనైనా ప్రెస్ కాఫీ కమురు కంపు కొడుతోందంటే గింజలను అనుమానించే ముందు జల్లెడను విప్పి చూడడం మంచిది. కడ్డీ అడుగున ఉన్న మరను అపసవ్య దిశలో తిప్పితే మూడు భాగాలూ విడిపోతాయి. రోజూ అంట్ల సబ్బుతో, వారానికోసారి వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా వేసి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెత్తగా తోమాలి. స్టీలు పీచుతో రుద్దితే జల్లెడ తీగలు విడిపోతాయి.

తిరిగి బిగించేటప్పుడు వరస తప్పకూడదు: ముందు కడ్డీని మూతలోంచి దూర్చి, దానికి స్ప్రింగు ఉన్న పళ్ళెం, ఆ తరువాత జల్లెడ, చివరగా కంతల పళ్ళెం. జల్లెడ అంచు పైకి మడత తిరిగి ఉండాలి, కిందికి తిరిగితే దించేటప్పుడు గాజుకు అడ్డుపడుతుంది. మరను వేళ్ళతో బిగుతుగా తిప్పితే చాలు, పట్టకారు అవసరం లేదు. ఏడాదికో రెండేళ్ళకో అంచు తీగలు ఊడి కప్పులోకి పిప్పి రావడం మొదలైతే ప్రెస్‌ను పారేయకండి. జల్లెడ ఒక్కటీ విడిగా దొరుకుతుంది, కొనే ముందు పాత్ర లోపలి వెడల్పును స్కేలుతో కొలిచి ఆ కొలతకు సరిపోయేదే తీసుకోండి.